ఊరూర తిరుగు గోల్ఫు ఆటగాడు



నేడొక ఆటగాని బ్రతుకును గూర్చి చెప్పబూనితిని. పిల్లల యాటలతో పెద్దలకేమి పని యని మీరనవచ్చును. కాని ఈ యాటను సేద్యమువలె, వ్యాపారమువలె నమ్ముకొని బ్రతుకువారు కలరు. వారి కష్టసుఖములు మీకు క్రొత్తవి కావు.

విశాఖపట్టణమున ముడసర్లోవ త్రోవలో గోల్ఫు మైదానమొకటి కలదు. నేనీ యాటను మొదట జూచినది అచ్చటనే. మన పిల్లలు బిళ్ళంగోడాడునట్లే కఱ్ఱతో గొట్టుట. కాని బిళ్ళకు బదులు నిమ్మకాయంత గట్టి బంతి. దానిని పదునెనిమిది గుంటలలో వరుసగా పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలిచినవాడు. ఇంతకన్న నెక్కువ తెలియనక్కరలేదు.

ఈ యాటతో పొట్ట పోసుకొనువారికి నెలజీతము లేదు. సంతవర్తకుడు నేడొక సంతకు, ఎల్లి యొక సంతకు పోవునట్లు, వీరు వారమునకొక యూరికి పోవుదురు. పోటీ సాధారణముగా నాలుగు దినములు. రెండు దినములైన పిదప సుమారు సగముమందిని ఇండ్లకు పంపివేయుదురు. వారికి బహుమానపు సొమ్ములో పాలుండదు. దారిఖర్చు, బస, సంచి మోయువాని కూలి మాత్రము తప్పవు. పసుపు అమ్ముడుపోకున్నను బండికిరాయి ఇయ్యవలసినదే గదా! ఏండ్ల తరబడి యిట్లు తిరిగియు ఒక్క పోటీయైనను గెలువనివారే పెక్కుమంది.

వీరిలో మన తెలుగు బిడ్డ యొకడు కలడు. తీగల సాహిత్ అని పేరు. తలిదండ్రులు హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళినవారు. ఇతడు 1997లో కాలిఫోర్నియాలో జన్మించెను. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి, చాల నెలలు ఆట మానవలసివచ్చెను. 2020లో ఆటనే వృత్తిగా గైకొని, క్రింది తరగతి పోటీలలో దిరిగి, 2021లో పై తరగతికి అర్హత సంపాదించెను.

2022 ఫిబ్రవరిలో ఫీనిక్సు పోటీ. కడపటి దినమున పదునేడవ గుంటవద్ద బంతి దొర్లి నీటబడెను. ఒక్క దెబ్బ తేడాతో అవకాశము జారిపోయెను. ఆ జూన్ నెలలోనే కనెక్టికట్ రాష్ట్రమున మఱియొక పోటీ. ఒక్క గుంట మిగిలియున్నది; అందఱికన్న ముందున్నాడు. బంతి ఇసుకగుంతలో బడెను. కొట్టిన దెబ్బకు గుంత గట్టును దాకి మరల లోననే నిలిచెను. అదియు పోయెను. 2023 సెప్టెంబరులో గాని, కాలిఫోర్నియాలోని నాపాలో, మొదటి గెలుపు రాలేదు.

అయితే నేను చెప్పదలచినది గెలుపును గూర్చి కాదు. మఱియొక ఇసుకగుంతను గూర్చి. 2024 ఆగస్టు 31వ తేదీ, అట్లాంటాలో సంవత్సరాంతపు పెద్దపోటీ, మూడవ దినము. గుంతలోని బంతిని కొట్టుటకు కఱ్ఱ వెనుకకెత్తునపుడు అది ఇసుకను తాకరాదని నియమము. నాలుగు రేణువులు కదలినట్లు సాహిత్‌కు తోచెను. ఎవ్వరును అభ్యంతరము చెప్పలేదు. తానే తీర్పరులను బిలిచి చెప్పెను. రెండు దెబ్బలు తప్పు వేసిరి.

చిన్నతనమున మా నాయన వెంట పిప్పళ్ళ మూటతో నొక సంతకు బోయితిని. కాటావాని చిటికెనవ్రేలు తక్కెడ దండెమున నానియుండుట నేను చూచితిని. మా నాయనయు చూచెను. మాటాడలేదు. మాటాడిన యెడల మూట తిరిగి మోసికొనిపోవలసివచ్చును. ఆ వ్రేలు నాకిప్పటికిని కన్నులకు గట్టియున్నది.

అందుచేత ఈ సంగతిని మొన్న హుకుంపేట సంతలో నొక పెద్దాయనకు జెప్పితిని.

"బాబూ, ఆ ఇసుక కదలుట చూచినవాడెవడు?" అనెను.

"ఆయనయే, పెద్దయ్యా."

కొంతసేపు చుట్ట కాల్చుచు ఊరకుండి, "ఎంత పోయెను?" అనెను.

లెక్క చెప్పితిని. సాహిత్ మూడవవాడై డెబ్బదియైదు లక్షల డాలరులు పుచ్చుకొనెను. రెండవవానికి నితనికి నడుమ తేడా సరిగా రెండే దెబ్బలు. అవి లేకున్న నిద్దఱును సమముగా నిలిచి, రెండు బహుమానములను కలిపి పంచుకొనెడివారు. పోయినది యిరువదియైదు లక్షల డాలరులు.

"మఱునాడు ఆడెనా?"

"ఆడెను."

"సరే" అని లేచి, పెద్దాయన తన అల్లపు బస్తా తూకమునకు బోయెను.