జాబితాలో పేర్లు అడగొచ్చా?

భావనపాడు పోర్టు అనుకున్నది మూలపేట పోర్టయింది. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టుకు తీసుకున్న భూముల్లో ఏ సర్వే నంబరుకు ఎంత పరిహారం, ఎవరికి ముట్టింది? తెల్లకాగితం మీద రాసి అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం ఇచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాలు కేంద్రం చేతిలో పెట్టింది. దానికన్నా పెద్ద చిక్కు 2023 డేటా రక్షణ చట్టంతో వచ్చింది. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారమైతే చాలు, కాదనొచ్చంది. పరిహారం జాబితా అంటేనే పేర్లు కదా! అయితే 8(2) ఇంకా ఉంది: హానికన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. దరఖాస్తులోనే ఆ సెక్షన్ పేర్కొని, ప్రయోజనమేమిటో రెండు ముక్కలు రాయండి. కాదంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.