పరుగు సులువే, అడగడమే కష్టం

నేను హారిస్ పార్క్‌లో ఉంటాను, ఐటీ కన్సల్టెంట్‌ని. 2025 ఆగస్టు 31న సిడ్నీ మారథాన్ పరిగెత్తి, పిల్లల ఆసుపత్రికి కొంత డబ్బు పోగుచేశాను. ఆ కబుర్లు నాలుగు చెప్పమన్నారు రేడియో మిత్రులు. ముందే మనవి చేస్తున్నాను, నేను ఆటగాణ్ణి కాను. బడిలో ఆటల పీరియడ్ వస్తే చెట్టు కింద కూర్చునే రకం.

దీని మూలం 2021లో ఉంది. మా బాబుకి మూడో నెలలో గుండెలో చిల్లుందని తేలింది. ఆగస్టులో వెస్ట్‌మీడ్ పిల్లల ఆసుపత్రిలో ఆపరేషన్. అప్పుడు లాక్‌డౌన్, మా ప్రాంతం వాళ్ళం 5 కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదు. సరిహద్దులు మూసేశారు కాబట్టి తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చే దారి లేదు. వార్డులోకి ఒక్కరినే రానిచ్చేవారు, మా ఆవిడ లోపల ఉంది. నేను రోజూ సాయంత్రం పరమట్టా మీదుగా నడిచి వెళ్ళి, హాక్స్‌బరీ రోడ్డు మీద నిలబడి ఫోన్ చేసేవాణ్ణి. "ఏ కిటికీ?" అంటే ఆవిడ లైటు ఆర్పి వెలిగించేది. ఇంటికొచ్చేటప్పుడు ఒక్కోసారి తెలియకుండానే పరిగెత్తేవాణ్ణి. ఏడుస్తూ నడిస్తే జనం చూస్తారు, పరిగెత్తేవాడి మొహం ఎవరూ చూడరు.

డిశ్చార్జి రోజున బిల్లు ఎక్కడ కట్టాలని అడిగాను. నర్సు నవ్వింది. మాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, మెడికేర్ చూసుకుంది. (టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళకి అలా కాదండీ. మీ ఇన్సూరెన్స్ కాగితాల్లో ఏ జబ్బుకి ఎన్నాళ్ళు ఆగాలో ఈ రాత్రే చదువుకోండి.) కట్టని ఆ బిల్లు నాలుగేళ్ళు నా మనసులో ఉండిపోయింది.

అందుకని మారథాన్‌కి పేరిచ్చి, సిడ్నీ చిల్డ్రన్స్ హాస్పిటల్స్ ఫౌండేషన్‌కి విరాళాలు అడగడం మొదలుపెట్టాను. ప్రభుత్వ ఆసుపత్రికి విరాళాలెందుకని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రోజువారీ వైద్యం ప్రభుత్వం చూసుకుంటుంది. పరిశోధన, కొత్త పరికరాలు, పిల్లలకి భయం తగ్గించే ఏర్పాట్లు, ఇలాంటివాటికి ఫౌండేషన్ డబ్బు తోడవుతుంది.

ఇంక అడగడం సంగతి. మనకి పెట్టడం తెలుసు గానీ చెయ్యి చాచడం నామోషీ. వాట్సాప్‌లో మెసేజ్ రాసి మూడు రోజులు పంపలేదు. పంపాక పెళ్ళిళ్ళలో చదివించినట్టు 51, 116 డాలర్లు వచ్చాయి. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు, అదీ ఒక జవాబే. విగ్రమ్ స్ట్రీట్‌లో ఒక పెద్దావిడ, కొడుకు దగ్గరికి చూడ్డానికి వచ్చినావిడ, కొంగుముడి విప్పి "నూటపదహార్లు ఇద్దామనుకున్నా నాయనా, పదహారే ఉన్నాయి" అని చేతిలో పెట్టింది. ఆవిడ పేరు మీద నా కార్డుతో కట్టేశాను. ఇక్కడ ఇలాంటి విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది, రసీదు దాచుకోవాలి. ఆ రసీదు చూపిస్తే "నాకెందుకు, పారెయ్యి" అంది. మొత్తం మీద 3,180 డాలర్లయ్యాయి.

మా నాన్నకి మాత్రం నచ్చలేదు. "ఇవ్వదలుచుకుంటే ఇచ్చెయ్యరా, ఈ పరుగులెందుకు?" అన్నారు. "కొండకి బస్సుంది కదా నాన్నా, మీరు మనవడి మొక్కుకి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎందుకెక్కారు?" అన్నాను. ఫోన్ అమ్మకిచ్చేశారు.

సాధన ఆరు నెలలు. పరమట్టా పార్కులో శనివారం పొద్దున పార్క్‌రన్, ఆదివారం నది పక్కన దూరాలు. మొదట్లో 5 కిలోమీటర్లకే సోలిపోయేవాణ్ణి.

పందెం రోజు చీకటితో రైలెక్కి నార్త్ సిడ్నీ చేరాను. ఆ మారథాన్ ప్రపంచంలోని పెద్ద మారథాన్ల జాబితాలో చేరిన మొదటి ఏడాది అది. కిప్చోగే కూడా పరిగెత్తాడు, నేనూ ఆయనా ఒకే దారి, ఆయన వీపు కూడా నాకు కనబడలేదనుకోండి. హార్బర్ బ్రిడ్జి మీద అందరూ ఫోటోలు తీసుకుంటూ సంబరంగా వెళ్ళాం. 32 కిలోమీటర్లు దాటాక పిక్కలు పట్టేశాయి. ఒంట్లో నిలవున్న చక్కెర అయిపోతే అలాగే ఉంటుందని చదివాను, చదవడం వేరు. తిరుమల మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం గుర్తొచ్చింది. కాసేపు నడిచాను, కాసేపు ఈడ్చాను. జేబులో ఎండు ఖర్జూరాలు ఆదుకున్నాయి.

ఆపెరా హౌస్ దగ్గర ముగించేసరికి 5 గంటల 21 నిమిషాలు. మావాడు మెడల్ లాక్కుని తన మెడలో వేసుకున్నాడు, చొక్కా గుండీల మధ్య వాడి ఆపరేషన్ గీత కనబడుతోంది. నాన్న వీడియోలో ఉన్నారు. "మోకాళ్ళకి ఏం రాస్తున్నావురా?" అన్నారు.

"ఇంకా ఏమీ రాయలేదు నాన్నా."

"నువ్వులనూనె వెచ్చచేసి రాయి. నేను దిగొచ్చాక మీ అమ్మ అదే రాసింది."