రాతి పొరల సర్వీసు రిజిస్టరు
(కోటగిరిలో జరిగిన రిటైర్డు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాల్లో మరో వయసు లెక్క మనవి చేస్తాను. అది రాళ్ళ వయసు లెక్క.

తారీఖు లేని కాగితం ఒకటి ఫైలులో కనబడితే మనం ఏం చేసేవాళ్ళం? కింద సంతకం చూసేవాళ్ళం. ఆ అధికారి ఫలానా సంవత్సరం చేరి, ఫలానా సంవత్సరం బదిలీ అయ్యాడంటే కాగితం ఆ మధ్యకాలానిదే. పక్కన మరొకరి పొట్టి సంతకం కూడా ఉంటే, ఇద్దరూ కలిసి పనిచేసిన కాలం ఇంకా తక్కువ కాబట్టి తారీఖు మరింత దగ్గరికి వస్తుంది. అవే సంతకాలు బోధన్ ఫైలులోనూ, బాన్సువాడ ఫైలులోనూ ఉంటే రెండూ ఒకే కాలానివి. భూగర్భ శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే పని. వారికి సంతకాలు సూక్ష్మ శిలాజాలు.

సముద్రంలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులున్నాయి. చాలావాటికి సున్నపు గుల్ల ఉంటుంది. ఇసుక రేణువంత ఉంటాయి, కొన్ని ఇంకా చిన్నవి. చనిపోయాక గుల్లలు అడుగుకు చేరి, బురదలో పూడి, కాలక్రమాన రాయిలో భాగమవుతాయి. ఒక్కొక్క జాతికి పుట్టిన కాలం, అంతరించిన కాలం ఉంటాయి. అంటే చేరిన తేదీ, రిటైరైన తేదీ అన్నమాట. నీళ్ళలో తేలే జాతులు ప్రవాహాల వెంట ఎన్నో సముద్రాలకు వ్యాపిస్తాయి. కాబట్టి సర్వీసు తక్కువ, తిరిగిన చోట్లు ఎక్కువ అయిన జాతి దొరికితే, దేశాలు దాటి రాళ్ళను పోల్చవచ్చు.

దీని విలువ మొదట గ్రహించినవారిలో చమురు కంపెనీలున్నాయి. బోరు దిగుతుంటే పెద్ద శిలాజాలు నుజ్జవుతాయి, ఈ చిన్న గుల్లలు మాత్రం పిడికెడు రాతిపొడిలో చెక్కుచెదరకుండా పైకి వస్తాయి. అమెరికాలో జోసెఫ్ కుష్మన్ 1923లో వీటికోసమే ప్రయోగశాల పెట్టారు. ఇందులో జాగ్రత్తలూ ఉన్నాయి. పాత కాగితం కొత్త ఫైలులో చేరినట్లు, పాత గుల్ల కొట్టుకొచ్చి కొత్త పొరలో చేరవచ్చు. బోరులో పై పొరల పొడి కిందికి జారవచ్చు. అందుకే ఒక్క గుల్లను నమ్మరు. వెంట ఉన్న జాతులన్నీ చూసి తేలుస్తారు.

ఇక మన తెలుగు నేల సంగతి. మన జిల్లాల పడమటి అంచున మద్నూరు, జుక్కల్ వైపు నల్లరేగడి దక్కన్ లావా రాయి అరిగి ఏర్పడిన నేల. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి ఆ లావా రాజమండ్రి దగ్గర కూడా ఉంది. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాతేరు, పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల్లో కింద ఒక లావా పొర, పైన మరొకటి, వాటి నడుమ సముద్రతీరపు మట్టి, సున్నపురాయి ఉన్నాయి. 1930ల్లోనే ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు ప్రభృతులు అందులోని సూక్ష్మ శిలాజాలను పరీక్షించి, ఆ పొర రాక్షసబల్లుల కాలం తరువాతిదని వాదించారు.

2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఆ నడిమి పొరలో యూగుబినా అనే అతి చిన్న జాతి గుల్లలున్నాయని ప్రకటించింది. ఇటలీలోని గుబ్బియో పట్టణం పేరు మీద దానికా పేరు వచ్చింది. రాక్షసబల్లులతోపాటు తేలే ఫొరామినిఫెరాలో అత్యధిక జాతులు నశించాక, వెంటనే పుట్టిన జాతి ఇది. దాని సర్వీసు రెండు మూడు లక్షల ఏళ్ళే. ఆ గుల్లలు కింది లావా మీదనే ఉన్నాయి కాబట్టి, ఆ లావా మహావినాశనానికి దగ్గరలోనే పారి ఆగిందని వారు తేల్చారు. తరువాత ఓ.ఎన్.జి.సి. శాస్త్రజ్ఞులతో కలిసి కృష్ణా-గోదావరి బేసిన్ బోరుల రాళ్ళు పరీక్షించి, 2011లో ఆ ఫలితాలు కూడా ప్రచురించారు.

వివాదం ఇంతటితో ముగియలేదు. మెక్సికో తీరాన పడిన గ్రహశకలమే ముఖ్య కారణమని ఎక్కువమంది అంటారు. 2019లో రెండు బృందాలు దక్కన్ లావాకు వేర్వేరు పద్ధతుల్లో వయసు కట్టగా, లావా ఎప్పుడు ఎక్కువ పారిందన్న విషయంలో లెక్కలు కలవలేదు. ఏది ముందు, ఏది వెనుక అన్నదే ఇక్కడ కీలకం. లావాతో వెలువడిన వాయువులు వాతావరణాన్ని ఎంత మార్చాయో, జీవరాశి ఎంత తట్టుకుందో తెలియాలంటే తేదీలు సరిగ్గా ఉండాలి. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఇది మన మనవల భవిష్యత్తుకు సంబంధించిన లెక్క కూడా.

చివరగా ఒక విన్నపం. ఆ పొరలు బయటపడింది కంకర క్వారీల వల్లనే, తవ్వుతూ పోతే మాయమయ్యేదీ వాటి వల్లనే. అసలు రికార్డు పోతే నకలు పుట్టించలేమని మనకన్నా ఎవరికి బాగా తెలుసు? కొన్ని ముఖాలైనా తవ్వకుండా భద్రపరచాలని మనలాంటివారు అడగాలి. మీ మనవలు రాజమండ్రి వెళ్ళినప్పుడు పుష్కర ఘాట్‌తోపాటు ఆ రాళ్ళను కూడా చూసి రమ్మని చెప్పండి.