బోదకాలు మాత్ర వెనుకనున్న పరిశోధన

కొన్ని ఏండ్ల క్రిందట, బోదవ్యాధి నివారణకై ఇంటింటికి మాత్రలు పంచిన దినములలో, మేము తగరపువలస పోయితిమి. గోస్తనీనది ఒడ్డుననున్న ఆ ఊరిలో ఒక ఇంటి అరుగుమీద కూర్చున్న వృద్ధురాలు, మాత్రలను అరచేత నుంచుకొని ఆరోగ్య కార్యకర్తను ఇట్లడిగెను: “నా కాళ్లు బాగానే ఉన్నాయి కదమ్మా, నాకేటి రోగం? కిందటేడు మా కోడలు మింగి రెండు రోజులు జొరంతో పడుకుంది. బాగున్న మనిషికి మందెందుకు?”

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దీనికి సమాధానము చెప్పుటకే శాస్త్రజ్ఞులకు ముప్పాతిక శతాబ్దము పట్టినది.

బోదకాలునకు కారణము దారపుపోగువంటి యొక పురుగు. అది మన శోషరస నాళములలో చేరి కొన్ని ఏండ్లు బ్రతికియుండును. కంటికి కానరాని పిల్లపురుగులను లక్షలకొలదిగ కనును. 1872లో కలకత్తాలో లూయిస్ అను వైద్యుడు ఆ పిల్లపురుగులను మనుష్యరక్తమున చూచెను. 1877లో చైనాలో పనిచేయుచుండిన పాట్రిక్ మాన్సన్, అవి దోమ దేహములో పెరుగునని కనుగొనెను. మన ప్రాంతములో ఈ పిల్లపురుగులు పగలు లోపలి రక్తనాళములలో దాగియుండి, రాత్రివేళ చర్మమునకు దాపుననున్న రక్తములోనికి వచ్చును. ఆ వేళనే కుట్టు క్యూలెక్సు దోమ వానిని పీల్చుకొని, కొన్ని దినములకు మరియొకరికి చేర్చును. రక్తపరీక్షకు వచ్చువారు చీకటిపడిన పిమ్మట తలుపు తట్టుటకు కారణమిదియే.

కారణము తెలిసినను మందు దొరకలేదు. ఆర్సెనిక్, ఆంటిమొనీ లోహముల మందులను సూదిద్వారా ఇచ్చి చూచిరి గాని, అవి రోగికిని హాని చేయునట్టివి. తేలికయైన మందు లభించుటకు కారకులలో ముఖ్యుడు మన తెలుగువాడే.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని బోస్టన్ చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి, దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అప్పటికి అది వట్టి కొలతపనియే. ఏ రోగమును కుదిర్చినది కాదు. కాని కండరములు పనిచేయుటకు కావలసిన శక్తిని సమకూర్చు పదార్థములను వారు గుర్తింపగలిగినది ఆ కొలతచేతనే. విశ్వవిద్యాలయ పరిశోధన అట్టిది. ఫలమెప్పుడు చేతికందునో నాటినవానికే తెలియదు.

సుబ్బారావుగారు 1940లో లెడర్లె ఔషధశాలకు మారిరి. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ దీవులకు పోయిన సైనికులకు బోదవ్యాధి సోకగా, మందుకొరకు వెదకుట ముమ్మరమయ్యెను. ఆయన నడపిన పరిశోధన విభాగములో హెవిట్ మొదలగువారు, ఇటువంటి పురుగులే సోకిన పత్తియెలుకలకు రసాయనములను ఒకదాని తరువాత నొకటిగా ఇచ్చి, రక్తము పరీక్షించిరి. 1947లో డైఇథైల్‌కార్బమజీన్ అను మందు ప్రకటితమయ్యెను. హెట్రజాన్ అను పేర వెలసినది ఇదియే. నోట మ్రింగు మాత్ర, చవకయైనది. మరుసటి యేడే, 1948లో, సుబ్బారావుగారు స్వర్గస్థులైరి.

మందు దొరకినంతమాత్రమున పని ముగియదు. ఎంత, ఎవరికి, ఎట్లు ఇయ్యవలెనో తేల్చుట ఔషధశాస్త్రము పని. దేహపుబరువు కిలో ఒక్కింటికి 6 మిల్లీగ్రాములనియు, రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు ఇయ్యరాదనియు నిర్ణయించినది ఆ శాస్త్రమే. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాలయు, 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్ర బోధనయు ప్రారంభమైనవి. అట్టి చోట్ల నేర్చినవారి తరములే ఈ నియమములను మన ఊళ్లకు తెచ్చినవి. దేశమున బోదవ్యాధి నివారణ కార్యక్రమము 1955లో ఆరంభమైనది. 2004 మొదలు ఏటేట సామూహికముగ మందు పంచుట సాగినది.

ఇక ఆ తగరపువలస అవ్వ ప్రశ్నకు వత్తము. పురుగు దేహములో నున్నను, కాలు వాచుటకు అనేక సంవత్సరములు పట్టవచ్చును. అంతవరకు మనిషి ఆరోగ్యముగనే కనబడును. అతని రక్తమునుండి దోమ ఇరుగుపొరుగునకు వ్యాధిని మోయుచునే యుండును. మాత్ర ముఖ్యముగ ఆ పిల్లపురుగులను చంపును. పెద్దపురుగులన్నియు దానితో చావవు గనుక, ఏటేట మరల మ్రింగవలసి యున్నది. ఇక జ్వరము సంగతి: పిల్లపురుగులు చచ్చునప్పుడు కొందరికి జ్వరము, తలనొప్పి, తలతిరుగుడు కలుగును. సామాన్యముగ ఒకటి రెండు దినములలో తగ్గును. కోడలికి వచ్చిన జ్వరము బహుశః ఆమె రక్తములో పురుగులుండెననుటకు గుర్తు. బాధ అధికమైనచో వైద్యునికి చూపవలెను గాని, మందు విషమని ఊరంతయు చాటరాదు.

ఆ కార్యకర్త ఇంత శాస్త్రము చెప్పలేదు. “మీ మనవలకోసం మింగండమ్మా” అనెను. అవ్వ, అన్నము తినివచ్చి మ్రింగెదనని లోపలికి పోయినది. పరగడుపున మ్రింగరాదు గనుక అదియు సరియైన మాటయే. ఆమె తిరిగి వచ్చువరకు కార్యకర్త అరుగుమీదనే కూర్చుండెను. తన యెదుట మ్రింగినగాని పుస్తకములో గుర్తు పెట్టరాదు.

ఇదివరకే కాలు వాచినవారికి ఒక మాట. ఈ మాత్ర ఆ వాపును పూర్తిగ తీసివేయజాలదు. ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో వ్రేళ్లసందులవరకు తడి యొత్తి, పుండ్లు పడకుండ చూచుకొనవలెను. మాటిమాటికి వచ్చు జ్వరములును, నొప్పియు అందువలన చాలవరకు తగ్గును. మీ ఇంటిచుట్టు మురుగునీరు నిలువకుండ చూచుకొనుడు. మాత్ర మీ గడపకు వచ్చిన దినమున, కాళ్లు బాగున్నవని దానిని త్రిప్పి పంపకుడు.