ఒక చేత్తో జీతం, రెండో చేత్తో అద్దె

(ఏలూరులో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముక్కనుమ నాటి రాత్రి తాడేపల్లిగూడెం స్టేషనుకు వెళ్లి చూడండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే సందుండదు. కుర్రాళ్ల వీపున లాప్‌టాప్ సంచి, చేతిలో అమ్మ సర్దిన అరిసెల డబ్బా. ఏలూరులో ఇంకొంతమంది తోసుకుని ఎక్కుతారు. తెల్లారేసరికి అందరూ హైదరాబాదులో దిగి, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో మాయమవుతారు. మళ్లీ సంక్రాంతికే మనకు కనపడేది.

మేమంటే ఎవరమో ముందే చెప్పుకోవాలి. మాలో కొందరం ఆ రైలెక్కి వెళ్లి, పదేళ్లు పనిచేసి తిరిగొచ్చినవాళ్లం. కొందరం పిల్లల్ని ఎక్కించి ఇంటికొచ్చి పడుకున్నవాళ్లం. కొల్లేటి లంకల్లో పుట్టినవాళ్లమూ ఉన్నాం. ఎవరికీ హైదరాబాదులో సెంటు భూమి లేదు. రాష్ట్రం గొడవ నడిచిన రోజుల్లో మన నాయకులు కొందరు 'హైదరాబాదు మేం కట్టాం' అని చెప్పుకు తిరిగారు. వాళ్లు కట్టారేమో మాకు తెలియదు. మేం మాత్రం అద్దె కట్టాం. ఈ రెండు కట్టడాలకూ ఉన్న తేడా గురించే ఈ రోజు మాట్లాడతాం.

ముందు పని సంగతి. ఈ సభలో ప్రభుత్వోద్యోగులు చాలామంది ఉన్నారు, మీకు బాగా తెలిసిన విషయమే. 1969లో అక్కడా, 1972లో ఇక్కడా విద్యార్థులూ ఎన్జీవోలూ రోడ్డెక్కింది ఉద్యోగాల కోసమే. ఆ పోరాటాల ఫలితంగానే 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. జిల్లా, జోన్, లోకల్ కేడర్ అన్నీ వాటిలోంచి వచ్చినవే. కానీ ఆ రక్షణ సర్కారు ఉద్యోగానికే పరిమితం. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి కొత్త కొలువులన్నీ ఆ గీతకు అవతల పుట్టాయి. రెండు ప్రాంతాల ఉద్యమాలూ పాత కొలువుల లెక్కల్లో కూరుకుపోయి ఉంటే, కొత్త కొలువుల షరతులు ఎవరూ అడక్కుండానే రాసేశారు.

ఏం రాశారో చూడండి. మన దగ్గర 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఏలూరు పవర్‌పేటలో బట్టల కొట్టు గుమాస్తాకు వర్తించే చట్టమే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ వర్తించాలి. అయితే పని గంటలు, తెరిచే మూసే వేళలు, ఆడవాళ్ల రాత్రి పని, సెలవుల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలను జీవోల మీద జీవోలిచ్చి మినహాయించారు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిని, విడిపోయాక తెలంగాణ ప్రభుత్వమూ పొడిగించింది. జెండా మారింది, జీవో మారలేదు. బట్టల కొట్టు గుమాస్తాకు కాగితం మీదైనా గంటల లెక్క ఉంది. అమెరికా క్లయింటు నిద్రలేచే దాకా కూర్చునే మన చెల్లెలికి అదీ లేదు. ఇక 2025లో మన రాష్ట్రంలో వారానికి 48 గంటల పరిమితి ఉంచుతూనే, రోజు పనిని 10 గంటలకు పెంచుతూ చట్టాలు సవరించారు. మినహాయింపు అడగాల్సిన శ్రమ కూడా తగ్గించారన్నమాట.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. అదే చట్టంలో 47వ సెక్షన్ ఉంది. ఆరు నెలలు వరసగా పనిచేసినవాణ్ణి సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసెయ్యకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. తీసేస్తే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. కంపెనీలకు ఇది తెలుసు. అందుకే వాళ్లు ఎవర్నీ తీసెయ్యరు. చిన్న గదిలోకి పిలుస్తారు. ఫోన్ బయట పెట్టిస్తారు. 'రాజీనామా టైపు చేస్తే మంచి సర్టిఫికెట్టు, లేకపోతే బ్లాక్ లిస్టు' అంటారు. మాలో ఒకరికి ఆ గదిలో ఇచ్చిన గడువు ఇరవై నిమిషాలు. ఇంటికి ఫోన్ చేసి నాన్నను అడుగుతానన్నాడు. 'ఇది పెళ్లి సంబంధం కాదు' అన్నారట. సంతకం పెట్టాడు. సంతకం పెట్టిన క్షణం నుంచి చట్టం దృష్టిలో అతన్ని ఎవరూ తీసెయ్యలేదు, తనంతట తనే మానేశాడు.

తమ్ముళ్లూ, ఆ గదిలో సంతకం పెట్టకండి. 'ఆలోచించి రాతపూర్వకంగా చెబుతాను' అని లేచి వచ్చెయ్యండి. వచ్చిన వెంటనే జరిగింది జరిగినట్టు మెయిల్ రాసుకోండి. టీసీఎస్‌లో తొలగించిన ఒక ఉద్యోగి ఏళ్ల తరబడి పోరాడితే, 2022లో చెన్నై లేబర్ కోర్టు అతన్ని తిరిగి తీసుకోమని తీర్పిచ్చింది. కర్ణాటకలో ఐటీ ఉద్యోగులు 2017లోనే యూనియన్ రిజిస్టరు చేసుకున్నారు. మనవాళ్లకేమో యూనియన్ అంటే జూట్ మిల్లు గేటు గుర్తొచ్చి చిన్నతనంగా ఉంటుంది. అదే మిల్లు కార్మికుడు సమ్మె చేసి బోనస్ తెచ్చుకున్నాడన్న సంగతి గుర్తు రాదు.

ఇక భూమి. సాఫ్ట్‌వేరూ భూమీ వేరు వేరు వ్యాపారాలనుకునే అమాయకత్వాన్ని మన జిల్లా మనిషే పోగొట్టాడు. 2008 డిసెంబరులో సత్యం రామలింగరాజు తన సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో సొంత కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనబోయాడు. ఒకటి నిర్మాణాలది, ఇంకోటి స్థిరాస్తులది. సత్యం అన్న ఇంగ్లీషు అక్షరాలు తిరగేస్తే మేటాస్. వాటాదారులు తిరగబడితే వెనక్కి తగ్గి, 2009 జనవరి 7న లెక్కల్లో వేల కోట్లు లేవని ఉత్తరం రాశాడు. భీమవరం ప్రాంతంలో ఆ రోజు ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో మీకు చెప్పక్కర్లేదు. ఉద్యోగులకు సంబంధించినంత వరకు ఆ కథలో నేర్చుకోవాల్సింది ఒకటుంది. పగలంతా కోడ్ రాసింది వాళ్లు. ఆ లాభం మీద కన్నేసింది భూముల కంపెనీ. ఆ భూముల మీద లేచే ఫ్లాట్లకు కిస్తీలు కట్టాల్సిందీ మళ్లీ వాళ్లే.

ఆ భూమి ఎవరిది? మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు ఊళ్లు. అక్కడ రైతులున్నారు, కూలీలున్నారు. తెలంగాణ మిత్రులు ఈ మాట ఉద్యమం పొడుగునా చెబుతుంటే మనం చెవిన పెట్టలేదు. ప్రజావసరం పేరుతో తీసుకున్న చోట 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు వేలం పోయింది. గజానికి లెక్కేస్తే మూడున్నర లక్షలు దాటుతుంది. మొదటి ఉద్యోగంలో మన పిల్లాడి ఏడాది జీతం ఇప్పటికీ మూడు, మూడున్నర లక్షల దగ్గరే. ఏడాదంతా తినకుండా కూడబెట్టినా ఒక్క గజం రాదు. గజం స్థలంలో మనిషి నిలబడగలడు గాని పడుకోలేడు.

ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో వచ్చిన హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీని కూడా ఇక్కడ తలుచుకోవాలి. రెండు ఉద్యమాల రక్తం మీద పుట్టిన సంస్థ అది. దాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను 2003లో క్రీడల పేరు చెప్పుకున్న ఒక ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టారు, 2006లో రద్దు చేశారు. 2025లో ఐటీ పార్కుల కోసమని అదే భూమి మీదికి బుల్‌డోజర్లు వెళితే విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఆ చెక్క మీద చెయ్యి వేశాయి. పార్టీల పేర్లు మీకే తెలుసు.

భూమి ధర ఎక్కడికి చేరుతుంది? అద్దెలోకి. అద్దె నియంత్రణ చట్టం 1960 నుంచి ఉంది. కానీ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇంటికి అది వర్తించకుండా సవరించారు. ఈ రోజు మాదాపూర్‌లో ఆ డబ్బుకు గది కాదు, మంచం కూడా కష్టం. నలుగురు పడుకునే గదిలో ఒక మంచం, ఒక బీరువా అర, బక్కెట్ నీళ్లు. హాస్టల్ కాబట్టి అగ్రిమెంటు ఉండదు, రసీదు ఉండదు. 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది తవ్వితే ఇరుకు స్థలంలో కట్టిన ఒక నాలుగంతస్తుల భవనం ఒరిగిపోయింది. అందులో ఉన్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరిగెత్తారు.

2020 మార్చి 25 మరిచిపోయారా? లాక్‌డౌన్ మొదటి రోజు. హాస్టళ్లవాళ్లు ఖాళీ చెయ్యమన్నారు. వేలమంది పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. పాసు పట్టుకుని బైకుల మీదా కార్లలోనూ బయల్దేరితే, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో మన పోలీసులే ఆపారు. వెనక్కి వెళితే హాస్టల్ లేదు, ముందుకు వెళితే రాష్ట్రం లేదు. హాస్టళ్లు మూయించొద్దని తెలంగాణ ప్రభుత్వం తరువాత చెప్పింది. కానీ ఆ రాత్రి రోడ్డు మీద గడిచిపోయింది. అద్దెకున్నాడని చెప్పే ఒక్క కాగితం ఉంటే ఆ పిల్లాణ్ణి ఎవరూ గెంటలేకపోయేవారు.

కాగితం ఇచ్చే ఇల్లు దొరకాలంటే ఇంకో పరీక్ష ఉంది. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. 'మీ ఇంటిపేరేంటండీ?' అంటారు. అర్థం కాకపోతే 'మీరేవిట్లండీ?' అని తిన్నగా అడుగుతారు. ముస్లిం పేరు వినగానే ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేశామంటారు. దళిత కుర్రాడు ఇంటిపేరు మింగేసి తిరుగుతాడు. మా లంకల పిల్ల ఒకతె కూకట్‌పల్లిలో పైపోర్షన్‌లో ఉండేది. అమ్మ పంపిన ఎండుచేపలు ఒక ఆదివారం వేయించుకుంది. సోమవారం ఇంటామె, 'మీకు ఇంకో చోటు చూసుకోండమ్మా' అంది. కొల్లేటి పిల్లను చేప తినొద్దంటే ఏం తినాలి? మతాన్ని బట్టో తిండిని బట్టో ప్రైవేటు ఇంట్లో ఇలా వద్దనడాన్ని సూటిగా నేరమనే చట్టం మన దగ్గర లేదు. ఒక మతంవారికే సభ్యత్వమనే హౌసింగ్ సొసైటీ నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అమెరికాలో 1968లోనే దీనికి చట్టం చేశారు. అక్కడ మాత్రం అంతా బాగుందని కాదు. పోటీ పడాల్సిన ఇంటి యజమానులు రియల్‌పేజ్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ద్వారా ఒకే తీరున అద్దెలు పెంచుకుంటున్నారని 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం కేసు వేసింది. ఆ కంపెనీకి హైదరాబాదులోనూ ఆఫీసు ఉంది. డల్లాస్‌లో అద్దె కట్టే మన అన్నకూ, కొండాపూర్‌లో అద్దె కట్టే మన తమ్ముడికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ఇదంతా హైదరాబాదు గొడవ, మనకెందుకంటారా? కొల్లేరు వైపు చూడండి. 1976లో ప్రభుత్వం లంక గ్రామాల మత్స్యకార సొసైటీలకు చేపల చెరువులిచ్చింది. కాగితం మీద యజమాని మత్స్యకారుడే. పెట్టుబడి లేక లీజుకిచ్చాడు. లీజుదారు మేత తెచ్చాడు, ఏరేటర్ తెచ్చాడు, పక్క చెరువులూ కలిపేశాడు. సొసైటీ సభ్యుడు తన చెరువు గట్టు మీద తనే రాత్రి కాపలా కూలీ అయ్యాడు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2006లో చెరువు గట్లు కొట్టించారు. లీజుదారు వేరే చోటికి వెళ్లి చెరువులు తవ్వుకున్నాడు. కాపలా కూలీ కొడుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు.

ఇప్పుడు ఆ పరిశ్రమే మన గడప తొక్కుతోంది. విశాఖలో 2025లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. 12 వేల ఉద్యోగాలొస్తాయన్నారు. అదే ఏడాది జులైలో అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 వేలమందిని తగ్గిస్తామని ప్రకటించింది. అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ఒప్పందం చేసుకుంది. డేటా సెంటర్‌కు కావలసింది కరెంటు, నీళ్లు, స్థలం. మనుషులు కట్టేటప్పుడు కావాలి, కట్టాక కొద్దిమంది చాలు. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే తమ్ముళ్లు ఈ లెక్క మాకంటే బాగా వెయ్యగలరు.

పరిశ్రమ వద్దనడం లేదు. రానివ్వండి. 99 పైసలకు భూమి ఇచ్చే ఒప్పందంలో నాలుగు వాక్యాలు కలపమంటున్నాం. పని గంటల సెక్షన్లకు మినహాయింపు ఉండకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషికీ, హౌస్‌కీపింగ్ అక్కకూ, కాబ్ డ్రైవరుకూ అవే హక్కులు వర్తించాలి. ఇచ్చిన భూమిలో కొంత భాగం పనిచేసేవాళ్లకు అద్దె ఇళ్ల కోసం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి, వాటిలో ఇంటిపేరు అడక్కూడదు. భూమి పోయిన ఊళ్లో పట్టా ఉన్న రైతుకే కాదు, కౌలుదారుకూ కూలీకీ వాటా రావాలి. ఈ నాలుగూ రాయించని నాయకుడు ఏ రాష్ట్రం తెచ్చినా మన పిల్లలు ఆ రాష్ట్రంలోనూ అద్దెకే ఉంటారు.

చివరగా ఒక పని. ఈసారి సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు వాళ్ల అపాయింట్‌మెంట్ లెటర్లు, బాండ్ కాగితాలు, అద్దె అగ్రిమెంట్లు, హాస్టల్‌కు కట్టిన డబ్బు ఫోన్లో ఉంటే అదీ జిరాక్సు తీయించి మా దగ్గరికి తీసుకురండి. భోగి నాడు కాదు, పెద్ద పండగ నాడు అసలే కాదు. కనుమ సాయంత్రం. మాలో లాయర్లున్నారు, కార్మిక శాఖలో రిటైరైనవాళ్లున్నారు, కూర్చుని ఒక్కో కాగితం చదువుదాం. మర్నాటి రాత్రి రైలుకు ఎలాగూ వెళ్లిపోతారు.