కిరణములు, జీవకణములు, గణనయంత్రము

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సమావేశమునందు గావించిన ప్రసంగ పాఠము)



మన యిండ్లలో “కరెంటు పెట్టించుట” యని చెప్పుకొను కాన్సరు చికిత్సను గూర్చి వినని కుటుంబము అరుదు. ఆ చికిత్సలో వాడు కిరణములు జీవకణము నేమి చేయునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు నేడు కంప్యూటరును, కృత్రిమ మేధను వినియోగించుచున్నారు. అవి చెప్పు మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్ననే మీ యెదుట నుంచదలచితిమి.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. 1927లో హెర్మన్ ముల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆ కిరణములు సోకిన పండ్ల యీగల సంతతిలో వంశలక్షణములు మారునని నిరూపించెను. అనగా దెబ్బ వంశలక్షణములను మోయు పదార్థమునకే తగులుచున్నది. ఆ పదార్థమే డి.ఎన్.ఏ. అది రెండు పేటలు మెలివేసిన త్రాడు వంటిది. దాని మందము మిల్లీమీటరులో 5 లక్షలవ వంతు మాత్రమే. కిరణము ఆ పేటలను నేరుగా తెంపవచ్చును. లేదా కణములోని నీటి అణువులను చీల్చగా పుట్టిన తీవ్రమైన తునకలు తెంపవచ్చును. “1 గ్రే” అను మోతాదు ఎక్స్-కిరణములు సోకిన కణములో ఒక్క పేట మాత్రమే తెగిన చోట్లు సుమారు 1,000, రెండు పేటలును తెగిన చోట్లు సుమారు 30 నుండి 40 వరకు ఉండును. ఒక్క పేట తెగినచో కణము సులభముగా అతుకుకొనును. రెండును తెగినప్పుడే అపాయము హెచ్చు. ఛాతీకి తీయు ఎక్స్-రే చిత్రములో సోకు మోతాదు ఇందులో వేయవ వంతు కంటెను తక్కువ. కావున వైద్యుడు అవసరమని చెప్పినపుడు దానికి జంకనక్కరలేదు.

ఈ తెగుటలు రెప్పపాటులో అతిస్వల్పమైన వంతు కాలమున జరుగును గనుక కంటితో చూచుట అసాధ్యము. అందుచే గణితమును ఆశ్రయించిరి. 1946లో స్టానిస్లా ఊలమ్ అను గణితవేత్త జబ్బునుండి కోలుకొనుచు పేకముక్కలతో ఒంటరియాట ఆడుచుండెను. గెలుపునకు గల అవకాశమును సూత్రములతో లెక్కించుట కంటె, ఆటను నూరుమార్లు ఆడి గెలుపులను లెక్కపెట్టుట సుళువని ఆయనకు తోచెను. జాన్ వాన్ నాయ్‌మన్ తోడ్పాటుతో ఆ తలంపే కంప్యూటరు లెక్కగా రూపొంది, “మాంటీ కార్లో పద్ధతి” యని పేరొందెను.

మన వైకుంఠపాళిలో పాచిక కాయను నడపినట్లే, ఈ లెక్కలో అంకెల పాచిక ఎలక్ట్రానును నడపును. ఎంత దూరము పోవును? ఏ అణువును తాకును? ఎంత శక్తిని విడుచును? అడుగడుగునకు ఒక పందెము. అయితే ఏ పందెము ఎంత తరచుగా పడవలెనో ప్రయోగశాలల కొలతలును, భౌతికశాస్త్ర నియమములును నిర్ణయించును. జెనీవా చెంతనున్న సెర్న్ కేంద్రముగా అనేక దేశములవారు కూర్చిన “జియాంట్ 4” అను ప్రోగ్రాము 1998లో వెలువడెను. వ్యోమగాములకు సోకు కిరణముల చింతతో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రారంభించిన “జియాంట్ 4-డి.ఎన్.ఏ.” దానిని కణములోని డి.ఎన్.ఏ. వరకు కొనిపోయినది.

ఇట్టి లెక్కలకు ఒక్కొక్కప్పుడు దినములు పట్టును. పూర్వపు లెక్కల ఫలితములను నేర్చుకొన్న కృత్రిమ మేధ శీఘ్రముగా అంచనా చెప్పగలదు. సూక్ష్మదర్శిని చిత్రములలో డి.ఎన్.ఏ. తెగిన చోట్ల గుర్తులనుగూడ అలయక లెక్కించును. కాని అది చూపిన ఉదాహరణములనుండియే నేర్చును. ఒక జాతి కణములతో నేర్చినది మరియొక జాతి కణముల విషయమున తప్పవచ్చును. తప్పినను తడబాటు లేకయే చెప్పును!

కావున కడపటి తీర్పు కణముదే. 1956లో అమెరికాలో పక్, మార్కస్ అను శాస్త్రజ్ఞులు మానవకణములను పాత్రలలో పెంచి, ఎక్స్-కిరణములు సోకిన పిదప ఎన్ని కణములు బ్రదికి సంతతిని పెంచినవో లెక్కించిరి. నేటికిని యంత్రము చెప్పినది ఇట్టి ప్రయోగములకు నిలువవలసినదే. ఆసుపత్రిలోను కంప్యూటరు వేసిన లెక్కపైననే ఆధారపడక, చికిత్సాయంత్రము విడుచు మోతాదును భౌతికవేత్తలు పరికరములతో కొలిచి సరిచూతురు. ఒక మనిషి ప్రాణము ఆ సరిచూచుటలో నున్నది.

తలిదండ్రులారా! ఈ సరిచూచు అలవాటునే మన పిల్లలకు నేర్పుడని కోరుచున్నాము. ఇంటిలో ఆరు ముఖముల పాచికను 60 మార్లు, పిదప 600 మార్లు వేయించి, ఆరు ఎన్నిమార్లు పడినదో వ్రాయింపుడు. సాధారణముగా మార్లు పెరిగినకొలది లెక్క ఆరవవంతునకు చేరువగుట వారే కనుగొందురు. మాంటీ కార్లో పద్ధతికి మూలమదియే. తెలుగు తరగతిలో చదువు పిల్లలకు ఇట్టి విషయములు అందునా యని కొందరు సందేహించుచున్నారు. మేము ఈ ప్రసంగమంతయు తెలుగుననే చేసితిమి, మీరు గ్రహించితిరి. బడిలో నేర్చిన దానిని పిల్లవాడు రాత్రి భోజనవేళ అమ్మమ్మకు అర్థమగునట్లు తెలుగున చెప్పగలిగినచో, అది వానికి నిజముగా వచ్చినదని నమ్ముడు. అట్లు చెప్పించుకొని వినుటకు కొంత సమయము వెచ్చింపుడని మా మనవి.