సేరంపూర్ విశ్వవిద్యాలయమును నిలిపినవారు
(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గురువులలో అనేకుల పేర్ల చివర బి.డి. అను అక్షరములుండుట మనమందరము ఎరిగినదే. వారు హైదరాబాదులో చదివినను, బెంగుళూరులో చదివినను, ఆ పట్టా మీద ఉండునది సేరంపూర్ పేరు. ఆ ఊరిని మనలో చూచినవారు తక్కువ. అది కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న చిన్న పట్టణము. బెంగాలీలు శ్రీరాంపూర్ అందురు. మన గురువులకు పట్టాలిచ్చు అధికారము ఆ చిన్న ఊరికి ఎట్లు వచ్చినది? వచ్చిన అధికారమును నిలిపినవారెవరు? నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మనకు ఈ రెండు ప్రశ్నలు పనికివచ్చునని తలంచి ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

1800 సంవత్సరము జనవరిలో విలియం కేరీ సేరంపూర్ చేరినారు. అంతకు కొద్ది నెలల ముందే, 1799 అక్టోబరులో, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అను ఇద్దరు అక్కడ దిగినారు. ఈస్టిండియా కంపెనీవారు తమ ఏలుబడిలో మిషనరీలను ఉండనిచ్చెడివారు కారు. సేరంపూర్ ఆనాడు డెన్మార్కు రాజుగారిది. అక్కడి గవర్నరు ఓలే బీ వారికి నీడ ఇచ్చినారు. ఈ ముగ్గురిలో పెద్ద ఇంటి బిడ్డ ఒక్కడును లేడు. కేరీ చెప్పులు కుట్టి బ్రతికినవారు. మార్ష్‌మన్ నేతపని చేసి, తరువాత బడిపంతులైనవారు. వార్డ్ అచ్చుపని నేర్చినవారు. కళాశాల గడప త్రొక్కి పట్టా పొందిన వాడొకడును లేని ఈ ముగ్గురే విశ్వవిద్యాలయమునకు పునాది వేసినారు.

వారు డబ్బు ఎక్కడిది తెచ్చినారని మీరడుగవచ్చును. కేరీ 1801 నుండి కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ, తరువాత సంస్కృతము, మరాఠీ బోధించినారు. మార్ష్‌మన్ దంపతులు బోర్డింగు పాఠశాలలు నడిపినారు. వార్డ్ అచ్చుకూటమును నడిపినారు. ఈ మూడు సంపాదనలు ఒకే ఉమ్మడి పెట్టెలో పడెడివి. ఇంటి ఖర్చులకు కొంత తీసికొని మిగిలినదంతయు పనికే పెట్టినారు. ఇంగ్లండు నుండి వచ్చిన చందాలు కొంతే. అధిక భాగము వారి స్వహస్తార్జితము.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. సేరంపూర్ త్రయమని ముగ్గురి పేర్లే చెప్పుకొనుట మనకు అలవాటు. కాని హన్నా మార్ష్‌మన్ లేనిదే ఆ ఇల్లు నడచెడిది కాదు. పాఠశాలల సంపాదనలో ఆమె కష్టము చాల ఉన్నది. ఆడపిల్లల చదువుకు ఆమె వేసిన బాట ఆ కాలమునకు క్రొత్తది. బెంగాలీ అక్షరములకు అచ్చులు చెక్కినవారు పంచానన్ కర్మకార్, ఆయన తరువాత ఆయన అల్లుడు మనోహర్. కమ్మరి వంశపు చేతులవి. కేరీకి బెంగాలీ నేర్పి అనువాదములో తోడ్పడినవారు రామ్‌రామ్ బసు. సంస్కృతపు లోతులు చూపినవారు మృత్యుంజయ విద్యాలంకార్. వీరిద్దరును క్రైస్తవులు కారు. అయినను వారి పాండిత్యము లేనిదే సేరంపూర్ గ్రంథములు లేవు. కేరీ భార్య డొరతి సంగతి దుఃఖకరమైనది. 1794లో చిన్న కుమారుడు పీటర్ చనిపోయిన తరువాత ఆమె మతి చలించినది. 1807లో మరణించు వరకు బాధపడినది. పనికి మూల్యము చెల్లించినవారిలో ఆమెను గూడ లెక్కించుట న్యాయము.

మన తెలుగువారికి ఆ ఊరితో ఉన్న సంబంధము పట్టాలతో మొదలు కాలేదు. 1812 మార్చి 11న అచ్చుకూటము అగ్నికి ఆహుతియైనది. కాగితము, అక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయినవి. ఆ బూడిదలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి గూడ ఉన్నది. ముద్రణ యంత్రములు మాత్రము దక్కినవి. వార్డ్ బూడిద త్రవ్వించి, కరిగిన లోహమును ఏరించి, మరల అక్షరములు పోయించినారు. కేరీ మరల కూర్చుండి వ్రాసినారు. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చయినది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ ఊరినుండియే వెలువడినది. మన దేశములో కాలు పెట్టని మనిషి, పండితుల సాయముతో, మన భాష కొరకు ఒకే పుస్తకమును రెండుసార్లు వ్రాసినాడన్నమాట.

అదే 1818లో కళాశాల స్థాపన ప్రకటించినారు. మొదట చేరినవారు 37 మంది. వారిలో 19 మంది క్రైస్తవులు. మిగిలినవారు క్రైస్తవులు కారు. సంస్కృతము, దేశభాషలు, పాశ్చాత్య విజ్ఞాన శాస్త్రము కలిపి నేర్పవలెననియు, తమ భాషలో ఆలోచించుట నేర్చినవాడే తన జనులకు బోధింపగలడనియు వారి తలంపు. కేరీ వేదాంతముతో పాటు వృక్షశాస్త్రము గూడ చెప్పినారు. జాన్ మాక్ అను స్కాట్లండు ఆచార్యుడు రసాయన శాస్త్రము చెప్పి, 1834లో ఆ శాస్త్రమును బెంగాలీలో పుస్తకముగా వెలువరించినాడు. రసాయన శాస్త్రమునకు మన భాషలు చాలవన్నవారికి ఆయన జవాబు ఆ పుస్తకమే.

మార్ష్‌మన్ యూరపు వెళ్ళి డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్‌ను దర్శించినారు. 1827 ఫిబ్రవరి 23న రాజుగారు అధికార పత్రమిచ్చినారు. దానివలన సేరంపూర్ కళాశాలకు పట్టాలిచ్చు అధికారము కలిగినది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు పుట్టినది 1857లో. వాటికి ముప్పది సంవత్సరములు ముందు ఇది జరిగినది. 1833లో కళాశాల నిబంధనలు ఏర్పరచినప్పుడు కులము గాని, రంగు గాని, దేశము గాని విద్యార్థి ప్రవేశమునకు అడ్డు రాకూడదని వ్రాసినారు. 1833లో, అచ్చముగా కాగితము మీద, సంతకములతో!

అయితే ఆ సంవత్సరములు సుఖమైనవి కావు. వార్డ్ 1823లో కలరాతో పోయినారు. అదే ఏట దామోదర్ నది వరద కేరీ ఇంటిని, తోటను పాడుచేసినది. ఇంగ్లండులోని తమ మిషను సంఘముతో తగవు పెరిగి 1827లో తెగిపోయినది. కలకత్తా వ్యాపార సంస్థలు దివాలా తీసి డబ్బు పోయినది. 1834లో కేరీ, 1837లో మార్ష్‌మన్ కన్నుమూసినారు. 1845లో డెన్మార్కువారు సేరంపూరును ఆంగ్లేయులకు అమ్మివేసినారు. కళాశాల హక్కులు నిలుచునట్లు ఆ ఒప్పందములో వ్రాసికొన్నారు గనుక పత్రము బ్రతికినది. కాని దానిని వాడుకొన్నవారు లేరు. 1883లో పై చదువుల తరగతులు గూడ నిలిచిపోయినవి.

20వ శతాబ్దము మొదట జార్జ్ హౌవెల్స్ అను వేల్సు దేశస్థుడు వచ్చినారు. అంతకు ముందు ఆయన ఒరిస్సాలోని కటకములో పనిచేసినవారు. బీరువాలో నిద్రించుచున్న ఆ పత్రమును ఆయన లేపినారు. 1910లో ఉన్నత వేదాంత శాఖ ఆరంభమైనది. 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇచ్చినారు. 1918లో బెంగాలు శాసనసభ చట్టము చేసి, ఒక్క మిషను చేతిలో గాక అనేక సంఘములు కలిసి నడుపుకొనునట్లు సెనేటును ఏర్పరచినది. సి.ఇ. అబ్రహాము గారు 1949లో కళాశాల ప్రిన్సిపాలైనప్పుడు మొదటిసారి భారతీయుడు ఆ పీఠమెక్కినారు. 1964లో రాజమండ్రిలో ఏర్పడి, తరువాత హైదరాబాదుకు మారిన మన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆ సెనేటు క్రిందిదే.

సహోదరులారా, లెక్క చూడండి. పత్రము వచ్చినది 1827లో, మొదటి బి.డి. ఇచ్చినది 1915లో. నడుమ 88 సంవత్సరములు. రాజుగారి ముద్ర ఉన్నది, హక్కు ఉన్నది, నిబంధనలున్నవి, గొప్ప స్తంభముల భవనమున్నది. లేనిది దానిని చేతబట్టి పనిచేయు మనిషి. పత్రము విశ్వవిద్యాలయమును చేయలేదు, మనుష్యులు చేసినారు. వారిలో రాతి మీద పేరెక్కినవారు కొందరు. అక్షరములు చెక్కి, అన్నము వండి, పిల్లలకు పాఠము చెప్పి, పేరులేక పోయినవారు అనేకులు.

మన అధ్యక్ష ఖండమునకు గూడ కాగితములున్నవి. రాజ్యాంగమున్నది, తీర్మానములున్నవి, స్థిరాస్తి దస్తావేజులున్నవి. కులభేదము లేదని మన నిబంధనలలో గూడ ఉన్నది. ఆ మాట మన సంఘములలో పెండ్లి సంబంధములు చూచునప్పుడు, పాస్టరేటు కమిటీ ఎన్నికలప్పుడు, శ్మశానవాటికలో స్థలమిచ్చునప్పుడు మేలుకొని యున్నదా, లేక బీరువాలో నిద్రించుచున్నదా? పేద ఇంటి బిడ్డ వేదాంతము చదువుదునని వచ్చినప్పుడు మన ఉమ్మడి పెట్టెలో అతనికి ఏమున్నది? ఆడబిడ్డ వచ్చిననో? ఈ ప్రశ్నలు ఎవరినో నిందించుటకు కాదు. మేమును ఈ సంఘములలోని వారమే. జవాబు చెప్పవలసినవారిలో మేమును ఉన్నాము.

మేము కోరునది పెద్ద పని కాదు. ప్రతి సంఘము ఈ శతాబ్ది సంవత్సరములో రెండు పనులు చేయవచ్చును. ఒకటి, తమ సంఘమునకు పునాది వేసినవారి పేర్లు వ్రాయునప్పుడు దొరల పేర్లు, గురువుల పేర్లతో పాటు బైబిలు స్త్రీలు, బడి పంతుళ్ళు, గుడి గంట కొట్టినవారు, మట్టి మోసినవారు, వీరిలో జ్ఞాపకమున్న ప్రతి పేరును వ్రాసి ఉంచుట. ముసలివారు బ్రతికి యుండగానే ఇది జరుగవలెను. రెండవది, తమ తీర్మానముల పుస్తకము తెరచి, వ్రాసికొని చేయక విడిచిన దానిని ఒక్కదానినైనను ఈ ఏడు చేయుట.

కాలిపోయిన తెలుగు వ్యాకరణమును కేరీ మరల మొదటి పుటనుండి వ్రాసినారు. ఆయనకు అప్పుడు ఏబది ఏండ్లు. మనము నూరేండ్ల సంఘము. మొదటి పుట నుండి వ్రాయుటకు మనకును సిగ్గుపడనక్కరలేదు.